పెదవి ముందు, పద్యం వెనక

ఉత్తరం:

సార్, నమస్తే. మాది చిత్తూరు దగ్గర పల్లె. ఇప్పుడు తిరుపతి బైరాగిపట్టెడలో ఉంటున్నాము. నేను బళ్ళో టీచర్ని. మా నాయన మా ఊరి భారతంలో అర్జునుడి వేషం కట్టేవారు. 1996లో ఆయన తపస్సు మాను (అర్జునుడి తపస్సు కోసం నిలిపే పొడవాటి మాను) ఎక్కిన రోజు తీయించిన వీహెచ్ఎస్ క్యాసెట్టు ఒక్కటే మాకు మిగిలింది. నాయన పోయి నాలుగేళ్ళయింది. పాత వీసీఆర్ ఒకటి సంపాదించాను. టీవీకి కలిపి చూస్తే బొమ్మ బాగానే ఉంది. దాన్ని లాప్‌టాప్‌లోకి ఎక్కించడానికే అవస్థ. వీసీఆర్ బొమ్మను లాప్‌టాప్‌కు అందించే చిన్న యూఎస్‌బీ డాంగిల్ కొని మూడుసార్లు ప్రయత్నించాను.

మొదటిసారి వర్చువల్‌డబ్ అనే సాఫ్ట్‌వేర్‌లో, నాణ్యత తగ్గకూడదని అన్‌కంప్రెస్డ్ (కుదించకుండా) పెట్టి, బయటి హార్డ్ డిస్క్‌లోకి ఒక గంట ఎక్కించాను. డ్రాప్డ్ (పోయిన ఫ్రేములు, అంటే విడి బొమ్మలు) 61, ఇన్‌సర్టెడ్ (మధ్యలో చేర్చినవి) 0 అని చూపించింది. గంట చివర నాయన నోరు మూసేశాక రెండున్నర సెకన్లకు పద్యం పూర్తవుతోంది. ఏదో వీడియో చూసి టైమింగ్ సెట్టింగ్‌లో ఉన్న టిక్కులన్నీ అంతకు ముందే తీసేశాను. రెండోసారి లాప్‌టాప్‌లోని డిస్క్‌లోకే మొత్తం గంటా నలభై ఐదు నిమిషాలు ఎక్కించాను. డ్రాప్డ్ 0. అయినా చివరికి వచ్చేసరికి గొంతు ఒక సెకను వెనకబడింది. మూడోసారి డాంగిల్‌తో వచ్చిన సాఫ్ట్‌వేర్‌లో, ఎక్కువైతే మంచిదేమోనని సెకనుకు 30 ఫ్రేములు పెట్టాను. కెమెరా పక్కకి తిరిగినప్పుడల్లా బొమ్మ కుదుపులు. ఒక దుకాణంలో అడిగితే 'టేపు పోయిందమ్మా, ఇంక ఇంతే' అన్నారు. నిజంగా టేపు పోయిందా? కొత్త కంప్యూటర్ కొనాలా? ఇప్పటికే ఎక్కించినవి సరిచేసుకోవచ్చా? చాలా టెన్షన్‌గా ఉంది సార్.

సమాధానం:

అమ్మా,

మీ ప్రశ్నల కంటే ముందు ఒక పని. క్యాసెట్టు తీసి, లేబులు అంటించే సన్న అంచు వైపు చూడండి. ఒక మూల చిన్న ప్లాస్టిక్ పలుకు ఇంకా ఉంటే స్క్రూడ్రైవర్‌తో విరిచేయండి. అది ఉన్నంతకాలం, వీసీఆర్‌లో చెయ్యి జారి రికార్డ్ బటన్ మీద పడితే నాయన బొమ్మ మీద కొత్త రికార్డింగ్ ఎక్కేస్తుంది. పలుకు విరిగిన టేపు మీద వీసీఆర్ రికార్డు చేయదు. మిగతావన్నీ దీని తర్వాతే.

టేపు పోలేదు. ఇది మిమ్మల్ని ఊరడించడానికి అంటున్న మాట కాదు, మీ రెండో ప్రయత్నమే సాక్ష్యం. పాడైపోయిన టేపు గంటా నలభై ఐదు నిమిషాల పాటు ఒక్క ఫ్రేము కూడా తప్పకుండా రాదు. కొత్త కంప్యూటర్ కూడా అక్కర్లేదు, దానికీ అదే సాక్ష్యం. మీకు మూడుసార్లు వచ్చినవి మూడు వేరు వేరు జబ్బులు. పైకి చూస్తే మూడూ 'బొమ్మా మాటా కలవడం లేదు', 'బొమ్మ కుదుపుతోంది' అన్నట్టే ఉంటాయి కాబట్టి అందరూ ఒకటే అనుకుంటారు. ఒకదానికి వేసిన మందు ఇంకోదానికి పనిచేయదు. మీరు డిస్క్ మార్చారు, మొదటి జబ్బు పోయింది. రెండోది మొదటిది పోయాకే మీ కంట పడింది.

మన దేశంలో ఆ రోజుల్లో దూరదర్శన్ అయినా, పెళ్ళి వీడియో కెమెరా అయినా పాల్ పద్ధతి. సెకనుకు 25 ఫ్రేములు. అంటే ఒక్కో ఫ్రేముకు 40 మిల్లీసెకన్లు. గంటకు సరిగ్గా 90,000 ఫ్రేములు. ఈ 90,000 అన్న సంఖ్య కాగితం మీద రాసి లాప్‌టాప్ పక్కన పెట్టుకోండి, ఇకమీదట సాఫ్ట్‌వేర్ ఏం చెప్పినా మీరు దానితోనే సరిచూడాలి. ధ్వని సెకనుకు 48,000 శాంపిళ్ళు, అంటే కొలిచి రాసుకున్న ధ్వని ముక్కలు. ఒక్కో ఫ్రేము వాటాకి 1,920 వస్తాయి. బొమ్మా ధ్వనీ కలిసి నడవడమంటే ప్రతి ఫ్రేముకూ దాని 1,920 శాంపిళ్ళు తోడుగా ఉండటమే.

ఇప్పుడు ఫ్రేము ఎందుకు జారిపోతుందో చెప్తాను. మీ ఊళ్ళో అర్జున తపస్సు నాడు జరిగేదే గుర్తు తెచ్చుకోండి. మాను మీది నుంచి అర్జునుడు నిమ్మకాయలు, పూలు విసురుతుంటే కింద ఆడవాళ్ళు కొంగులు పట్టుకుని నిలబడతారు కదా. పైనున్న ఆయన ఒక్కొక్కరి కోసం ఆగడు. కొంగు అటు ఇటు అయితే నిమ్మకాయ నేలపాలు. వీసీఆర్ కూడా అంతే. లోపల డ్రమ్ము సెకనుకు 25 చుట్లు తిరుగుతూ, చుట్టుకో ఫ్రేము చొప్పున విసురుతూ పోతుంది. కంప్యూటర్ పనిలో ఉంది కదా, ఒక్క క్షణం ఆగుదామని దానికి తెలియదు. ఫైలు కాపీ చేసేటప్పుడు డిస్క్ నెమ్మదిస్తే కాపీ ఆలస్యమవుతుంది తప్ప ఏదీ పోదు. క్యాప్చర్‌లో, అంటే టేపును కంప్యూటర్‌లోకి ఎక్కించడంలో, ఆలస్యమంటేనే పోవడం. డాంగిల్ నుంచి లాప్‌టాప్‌కు వచ్చే యూఎస్‌బీ మాట కూడా చెప్పాలి. వీడియోను చాలా డాంగిళ్ళు వేళకు చేర్చడమే ముఖ్యమనే పద్ధతిలో పంపుతాయి. దారిలో తప్పిపోయిన ముక్కను మళ్ళీ పంపమని అడిగే ఏర్పాటు ఆ పద్ధతిలో లేదు.

ఆ కొంగునే కంప్యూటర్ భాషలో బఫర్ అంటారు. డిస్క్ రాసుకునే లోపు వచ్చిన ఫ్రేములు అందులో ఆగుతాయి. అది నిండితే తర్వాత వచ్చేది జారిపోతుంది. మీ మొదటి ప్రయత్నంలో ఆ కొంగు ఎందుకు నిండిందో లెక్క వేసి చూద్దాం. అన్‌కంప్రెస్డ్ ఫ్రేము 720 అడ్డం, 576 నిలువు, చుక్కకు 2 బైట్లు. మొత్తం 8,29,440 బైట్లు. సెకనుకు 25 అంటే సుమారు 20.7 ఎంబీ. గంటకు దాదాపు 75 జీబీ. మీ డాంగిల్, బయటి డిస్క్ రెండూ ఒకే హబ్‌కు గానీ, ఒకే వైపున్న రెండు పోర్టులకు గానీ పెట్టి ఉంటారని నా అనుమానం. పక్కపక్క పోర్టులు లోపల ఒకే దారికి కలిసే అవకాశం ఎక్కువ. అప్పుడు డాంగిల్ నుంచి 20.7 లోపలికి, డిస్క్‌లోకి మళ్ళీ 20.7 బయటికి, అదే దారిలో. యూఎస్‌బీ 2.0కి కాగితం మీద 480 మెగాబిట్లు, అంటే 60 ఎంబీ ఉన్నా ఆచరణలో 35, 40 దాటడం కష్టం. దారి అంచు దాకా నిండిపోయింది. డిస్క్ ఏ కాస్త తడబడినా కొంగు నిండి ఒకటో రెండో ఫ్రేములు పోతాయి. అలా గంటలో 61 పోయాయి.

61ని 40తో గుణించండి. 2,440 మిల్లీసెకన్లు. మీరు రాసిన రెండున్నర సెకన్లు ఇదే. ఫైలులో 90,000 బదులు 89,939 ఫ్రేములు ఉంటాయి. వర్చువల్‌డబ్ రాసే ఏవీఐ రకం ఫైలులో ఏ ఫ్రేము ఎప్పుడొచ్చిందో విడిగా రాసి ఉండదు. సెకనుకు 25 చొప్పున వరసగా ఆడించడమే దానికి తెలుసు. కాబట్టి పోయిన ప్రతి ఫ్రేముకూ బొమ్మ 40 మిల్లీసెకన్లు ముందుకు జరుగుతుంది. ధ్వని మాత్రం పూర్తిగా ఉంది. అందుకే పెదవి ముందు, పద్యం వెనక.

మీరు తీసేసిన టిక్కులు ఇక్కడే అక్కరకొచ్చేవి. డ్రైవర్ (డాంగిల్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) నుంచి వచ్చే ప్రతి ఫ్రేముకూ ఒక టైమ్‌స్టాంప్, అంటే అది వచ్చిన వేళ, మిల్లీసెకన్లలో ఉంటుంది. 0, 40, 80, 120, ఆ తర్వాత 160 రావాలి. 200 వచ్చిందంటే మధ్యలో ఒకటి పోయినట్టే. వర్చువల్‌డబ్ ఆ ఖాళీలో ముందు ఫ్రేమునే ఇంకోసారి చూపించమని ఒక ఖాళీ ఫ్రేము పెడుతుంది. దాన్నే ఇన్‌సర్టెడ్ అని లెక్క చూపిస్తుంది. పోయిన ఫ్రేము తిరిగి రాదు గానీ లెక్క తప్పదు, వెనకవచ్చే పద్యం చెదరదు. ఆ టిక్కు తీసేస్తే సాఫ్ట్‌వేర్ చేతులు కట్టేసినట్టే. ఆ వీడియో చేసినాయన ఉద్దేశం నాకు అర్థమవుతుంది. నికరమైన పరికరాలున్నప్పుడు సాఫ్ట్‌వేర్ అనవసరంగా ఫ్రేములు కలపకుండా, తీయకుండా ఉండటానికి అలా చేస్తారు. పాత వీసీఆర్, చౌక డాంగిల్ ఉన్న ఇంట్లో మాత్రం అది చేయకూడని పని.

ఆ రెండు లెక్కల్ని కలిపి చదవడం నేర్చుకోండి. రెండిట్లో ఒక్కటే పెరుగుతూ పోతుంటే ఎక్కడో ఆలస్యమవుతోందని అర్థం. డిస్క్ కావచ్చు, యూఎస్‌బీ కావచ్చు, ప్రాసెసర్ కావచ్చు. డ్రాప్డ్, ఇన్‌సర్టెడ్ రెండూ దాదాపు జతగా పెరుగుతుంటే ఫ్రేములు అందుతున్నాయి గానీ వేళ తప్పి అందుతున్నాయన్నమాట. ఒకటి 32 మిల్లీసెకన్లకే, ఇంకోటి 50కి వస్తే, దగ్గరగా వచ్చినదాన్ని తీసేసి దూరంగా వచ్చినచోట పూడుస్తోంది. ఇది టేపు వేగంలోని చిన్న ఒడుదుడుకుల వల్ల వస్తుంది. దీనికి వీసీఆర్‌కూ డాంగిల్‌కూ మధ్య, ఫ్రేములను వేళకు సర్ది పంపే టైమ్ బేస్ కరెక్టర్ అనే పరికరం పెడతారు. అది విడిగా చాలా ఖరీదు. వీడియో ఇన్ ఉన్న పాత డీవీడీ రికార్డర్ దొరికితే, రికార్డు చేయకుండా దాని గుండా సిగ్నల్ పంపినా చాలావరకు నిలకడ వస్తుంది. అన్ని మోడళ్ళూ ఆ పని చేయవు. మీకు ఇన్‌సర్టెడ్ 0 వచ్చింది టిక్కు లేనందువల్ల కాబట్టి ఈ విషయం ఇంకా తేలలేదు. ఇప్పుడే అలాంటిది కొనకండి.

రెండో ప్రయత్నం నాకు ఇంకా ముఖ్యంగా తోచింది. ఎందుకంటే డ్రాప్డ్ 0 అని చూసి చాలామంది అక్కడే ఆగిపోతారు. ఆ సున్నా చెప్పేది ఫ్రేములు పోలేదని మాత్రమే. కాలం సరిగ్గా నడిచిందని అది చెప్పదు.

మీరు ధ్వనిని లాప్‌టాప్ మైక్ సాకెట్‌లోకి ఇచ్చి ఉంటారనుకుంటున్నాను. చౌక డాంగిల్ కొన్నవాళ్ళలో ఎక్కువమంది అలాగే చేస్తారు. అప్పుడు బొమ్మకు కాలం కొలిచేది ఒకటి, ధ్వనికి కొలిచేది ఇంకొకటి. బొమ్మ వీసీఆర్ వేగాన్ని బట్టి వస్తుంది. ధ్వనిని లాప్‌టాప్ సౌండ్ చిప్ తన క్వార్ట్జ్ ముక్క కొట్టే లెక్కతో కోస్తుంది. భారతంలో మద్దెల ఆయన్ని ఒక గదిలో, తాళాల ఆయన్ని ఇంకో గదిలో కూర్చోబెట్టి, ఒకరికొకరు వినబడకుండా ఒకే నడక వాయించమన్నట్టు ఇది. ఇద్దరూ ఆరితేరినవాళ్ళే. మొదటి పది నిమిషాలు తేడా తెలియదు. గంటన్నరకు ఒకరు ముందు, ఒకరు వెనక.

ఎంత తేడా ఉంటే సెకను వస్తుందో చూడండి. గంటా నలభై ఐదు నిమిషాలంటే 6,300 సెకన్లు. అందులో ఒక సెకను. సౌండ్ చిప్ సెకనుకు 48,000 బదులు సుమారు 48,008 శాంపిళ్ళు కోసిందనుకోండి, అంతే చాలు. ఫైలు మీద 48,000 అని రాసి ఉంటుంది కాబట్టి ఆడించేటప్పుడు ఆ ఎక్కువైనవి కూడా అదే వేగంతో ఆడతాయి, ధ్వని 6,301 సెకన్లు పడుతుంది. ఎనిమిది శాంపిళ్ళ తేడా ఏ చెవీ పట్టుకోలేదు. మొత్తం కలిస్తే మాత్రం మీ నాయన పద్యం చివరి పాదం పెదవి దాటిపోయింది.

ఈ రెండు జబ్బులను విడదీసి గుర్తుపట్టడం కష్టం కాదు. ఫైలు పావు వంతు దగ్గర, సగం దగ్గర, ముప్పావు దగ్గర, చివర ఆపి తేడా కొలవండి. నికరంగా, సమానంగా పెరుగుతూ పోతే అది గడియారాల తేడా. చాలాసేపు ఏమీ లేకుండా ఉండి ఒక్కచోట గభాలున పెరిగితే అక్కడ ఫ్రేములు పోయినట్టు. కొలవడానికి పెదవులను నమ్ముకోకండి, మోసపోతాం. తాళాలు కొట్టే ఆయన చేతులు కనబడే చోటు చూడండి. రెండు తాళాలూ తగిలిన ఫ్రేము దగ్గర ఆపి, ఆ టింగు ఎన్ని ఫ్రేముల తర్వాత వినబడిందో లెక్కపెట్టండి.

మూడోదాని గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. 25 ఉన్న టేపును 30లో పెడితే సెకనుకు 5 ఫ్రేములు ఎక్కడి నుంచో తేవాలి. సాఫ్ట్‌వేర్ ఉన్నవాటినే ప్రతి ఐదింటికి ఒకటి చొప్పున రెండుసార్లు చూపిస్తుంది. కెమెరా కదిలినప్పుడు అదే కుదుపు. ఆ ఫైలు తీసేయండి.

ఇక దుకాణం వాళ్ళ మాట. నాకూ ఇది జరిగింది. మా అక్క పెళ్ళి క్యాసెట్టును చాలా ఏళ్ళ క్రితం ఒకచోట ఇచ్చాను. తాళి కట్టి చెయ్యి తీసేశాక గట్టిమేళం మోగుతున్న డీవీడీ ఇచ్చి, టేపు పాతది కదా అన్నారు. అక్క అది ఒక్కసారి చూసి మళ్ళీ చూడలేదు. నాకు అది మనసులో ఉండిపోయింది. తర్వాత నేనే పరికరాలు తెచ్చుకుని అదే టేపును రెండుసార్లు ఆడించి చూశాను. అప్పుడు తెలిసిన పరీక్ష ఇది: ఒకే టేపును రెండుసార్లు ఎక్కించండి. ఫ్రేములు రెండుసార్లూ ఒకే చోట పోతే తప్పు టేపుది. వేరు వేరు చోట్ల పోతే తప్పు కంప్యూటర్‌ది. అక్క టేపులో రెండుసార్లూ ఒకే చోట పోయినవి కెమెరా ఆపి మళ్ళీ మొదలుపెట్టిన నాలుగైదు అతుకుల దగ్గర మాత్రమే. అలాంటి అతుకుల దగ్గర సిగ్నల్ లయ ఒక్క క్షణం తెగుతుంది కాబట్టి అది సహజం. మిగతాదంతా పూర్తిగా వచ్చింది. టేపు పోయిందని ఎవరైనా అంటే ఏ చోట పోయిందని అడగండి. ఆ చోటు చూపించలేని మనిషి మాట నమ్మి క్యాసెట్టు పక్కన పెట్టకండి.

ఈ పరీక్షలన్నీ నాయన టేపుతో చేయకండి. ఆడించిన ప్రతిసారీ టేపు కొంచెం అరుగుతుంది. టీవీ కార్యక్రమం ఏదైనా ఇంట్లో రికార్డు చేసుకున్న పాత క్యాసెట్టు చుట్టాల దగ్గర అడిగి తెచ్చుకోండి. కొన్న సినిమా క్యాసెట్టు వద్దు. వాటిలో కొన్నిటికి కాపీ చేయకుండా సిగ్నల్‌లోనే అడ్డు పెట్టారు, అది డాంగిల్‌ను గందరగోళపెట్టి మీకు లేని జబ్బు చూపిస్తుంది. తెచ్చిన క్యాసెట్టు కిటికీలోంచి టేపు చుట్ట మీద తెల్లటి బూజు కనబడితే వీసీఆర్‌లో పెట్టనే పెట్టకండి. ఆ బూజు వీసీఆర్‌లో టేపును చదివే హెడ్లకు అంటుకుని తర్వాత నాయన టేపుకు పాకుతుంది.

మీ ఇంట్లో ఉన్నవాటితోనే ఇప్పుడు ఇలా చేయండి. డాంగిల్‌ను హబ్ లేకుండా లాప్‌టాప్‌కు నేరుగా పెట్టండి. దాని పక్కన ఇంకేదీ యూఎస్‌బీలో వద్దు. మౌస్‌ను కూడా తీసేస్తే మంచిదే. ఫైలు లోపలి డిస్క్‌లోకే వెళ్ళాలి. తర్వాత తీరిగ్గా బయటి డిస్క్‌కు కాపీ చేసుకోవచ్చు. కాపీ చేసే డిస్క్ ఎన్‌టీఎఫ్ఎస్ ఫార్మాట్‌లో ఉండాలి. ఫ్యాట్32 అయితే ఒక్క ఫైలు 4 జీబీ దాటనివ్వదు, అన్‌కంప్రెస్డ్‌లో అది మూడున్నర నిమిషాల వీడియో కూడా కాదు. అన్‌కంప్రెస్డ్ బదులు హఫ్‌వైయూవీ లాంటి కోడెక్ (వీడియోను కుదించే పద్ధతి) పెట్టండి. అది బొమ్మలో ఒక్క చుక్క కూడా మార్చకుండా సైజు మాత్రం సుమారు సగానికి తగ్గిస్తుంది. డిస్క్ మీద బరువు సగమైతే కొంగు నిండే భయం కూడా అంత తగ్గుతుంది. ఎంపీ4లోకి నేరుగా ఎక్కించకండి. అక్కడ ప్రాసెసర్ మీద భారం పడుతుంది, పాత లాప్‌టాప్ తట్టుకోలేక ఇంకో రకంగా ఫ్రేములు వదులుతుంది.

సైజు 720, 576. రేటు 25. డీఇంటర్‌లేస్ అనేది ఎక్కడ కనబడినా ఆపేయండి. పాల్ ఫ్రేము నిజానికి రెండు సగాల అల్లిక, సెకనుకు 50 సగాలు. ఎక్కించేటప్పుడే వాటిని కలిపేస్తే తర్వాత విడదీయలేం. ఫైలు చేతికొచ్చాక ఎప్పుడైనా ఆ పని చేసుకోవచ్చు.

టైమింగ్‌లో ఫ్రేములు దూరమైతే ఖాళీ ఫ్రేము పెట్టమనే టిక్కును, మరీ దగ్గరైతే తీసేయమనే టిక్కును మళ్ళీ పెట్టండి. ధ్వని తీగలు ఎరుపు, తెలుపు రెండూ డాంగిల్‌కే ఇవ్వండి. బొమ్మా ధ్వనీ ఒకే పరికరం గుండా వస్తే, మద్దెలా తాళమూ ఒకే గదిలోకి వచ్చినట్టే. మీ డాంగిల్‌లో సౌండ్ పనిచేయడం లేదని మైక్ సాకెట్‌కు ఇచ్చి ఉంటే, రికార్డింగ్ పరికరాల జాబితాలో డాంగిల్ పేరు విడిగా ఎంచుకోవాలి. ఎక్కువసార్లు సమస్య అక్కడే. పైగా మైక్ సాకెట్ చిన్న గొంతును పెద్దది చేయడానికి పెట్టినది. వీసీఆర్ నుంచి వచ్చే బలమైన ధ్వని అందులో పగిలిపోతుంది, హార్మోనియం గరగరమంటుంది. అన్నీ చేశాక కూడా నికరంగా పెరిగే తేడా మిగిలితే అప్పుడు, ధ్వనిని కొద్దిగా సాగదీసి బొమ్మకు జతచేసే రీసింక్ పద్ధతిని పెట్టండి. ముందే పెడితే అసలు జబ్బు ఏమిటో కనబడదు.

ఎక్కించేటప్పుడు ఛార్జర్ పెట్టే ఉండాలి. బ్యాటరీ మీద లాప్‌టాప్ తనంతట తానే నెమ్మదిస్తుంది. పవర్ సెట్టింగ్‌లో యూఎస్‌బీని నిద్రపుచ్చే ఆప్షన్ ఆపేయండి. నెట్ తీసేయండి. ఫైలు పడే ఫోల్డర్‌ను యాంటీవైరస్ చూడకుండా మినహాయించండి. అది ప్రతి క్షణం పెరుగుతున్న ఫైలును తెరిచి చూడాలని ప్రయత్నిస్తే డిస్క్ తడబడుతుంది. ఇంకో మాట, ఇది మన తిరుపతి వాళ్ళకు ముఖ్యం. మే నెల మధ్యాహ్నం పరుపు మీద లాప్‌టాప్ పెట్టి రెండు గంటల క్యాప్చర్ మొదలుపెట్టకండి. వేడెక్కితే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. మొదటి అరగంట బాగుండి తర్వాత డ్రాపులు మొదలయ్యాయంటే ఎక్కువగా కారణం అదే. తెల్లవారుజామున, చెక్క బల్ల మీద, ఫ్యాను కింద పెట్టండి. వీసీఆర్‌నూ లాప్‌టాప్‌నూ ఇన్వర్టర్ ఉన్న ప్లగ్గుకే కలపండి. టేపు తిరుగుతుండగా కరెంటు పోతే లోపల చిక్కుకునే ప్రమాదం ఉంది.

నాయన టేపును పెట్టేముందు ఒకసారి చివరిదాకా ముందుకు, మళ్ళీ మొదటిదాకా వెనక్కి తిప్పండి. ఏళ్ళ తరబడి కదలకుండా ఉన్న చుట్ట అప్పుడు సమంగా బిగుసుకుంటుంది.

ఇప్పటికే ఎక్కించినవాటి సంగతి. రెండోదాన్ని దాచుకోండి, అది బాగుపడుతుంది. తేడా నికరంగా పెరిగిందని తేలితే, ధ్వనిని ఆడాసిటీ అనే ధ్వని సాఫ్ట్‌వేర్‌లో తెరిచి వేగాన్ని 0.016 శాతం పెంచండి. 6,301 సెకన్లు 6,300 అవుతాయి. శ్రుతిలో వచ్చే మార్పు ఏ విద్వాంసుడికీ తెలియనంత చిన్నది. ధ్వని మైక్ సాకెట్‌లోనే పగిలి ఉంటే అది మాత్రం సరికాదు. మొదటి ఫైలు బాగుచేయడం దండగ. అక్కడ 61 ఫ్రేములు ఎక్కడెక్కడ పోయాయో వెతికి, ఒక్కోచోట ఒక్కో ఫ్రేమును అతికించాలి. అంత కష్టం కంటే టేపును ఇంకోసారి ఆడించడం మేలు.

సరిచూసేటప్పుడు ఒక విషయం మనసులో పెట్టుకోండి, లేకపోతే లేని తప్పు కోసం వెతుకుతూ ఉండిపోతారు. ధ్వని ముందు వస్తే దాదాపు 45 మిల్లీసెకన్లకే మనకు తేడా తెలుస్తుంది. వెనక వస్తే 125 దాకా పట్టించుకోం. ప్రసార ప్రమాణాల్లోనూ ఈ సంఖ్యలే ఉన్నాయి. దూరం నుంచి వచ్చే చప్పుడు ఎప్పుడూ కంటి తర్వాతే చెవికి చేరుతుంది, దానికి అలవాటు పడ్డాం. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. తపస్సు మాను దృశ్యంలో కెమెరా జనం వెనక, లౌడ్‌స్పీకర్ హారన్‌కు 30 మీటర్ల దూరంలో ఉండి ఉంటే, గొంతు కెమెరా మైకుకు చేరడానికే 90 మిల్లీసెకన్లు పట్టింది. రెండు ఫ్రేములకు పైనే. ఆ తేడా 1996లో ఆ మిట్ట మీదే టేపులో పడింది. దాన్ని సరిచేయకండి. ఆ రోజు అక్కడ నిలబడినవాళ్ళకు పద్యం అలాగే వినబడింది. సరిచూడటానికి కెమెరా వేదిక దగ్గరున్న దృశ్యాలనే తీసుకోండి.

ముందుగా అడిగి తెచ్చుకున్న క్యాసెట్టుతో సరిగ్గా ఇరవై నిమిషాలు ఎక్కించండి. ఫైలు వివరాలు చూపే మీడియాఇన్ఫో సాఫ్ట్‌వేర్‌లో దాన్ని తెరిస్తే ఫ్రేముల సంఖ్య, బొమ్మ నిడివి, ధ్వని నిడివి విడివిడిగా కనబడతాయి. ఇరవై నిమిషాలకు 30,000 ఫ్రేములు ఉండాలి. రెండు నిడివులూ ఒకటై ఉండాలి. ఆ మూడు సంఖ్యలూ, డ్రాప్డ్, ఇన్‌సర్టెడ్ ఎంత వచ్చాయో, డాంగిల్‌కు ధ్వని తీగలు కలిపారో లేదో నాకు రాయండి. అవి చూశాకే నాయన టేపు పెడదాం.